ఆ సీజన్‌లో ఇద్దరు కోచ్‌లు

నేను ఫిజియోథెరపిస్టుని. దోహాలో అల్ మన్సూరాలో ఒక చిన్న క్లినిక్‌లో పని. రోజంతా ఆఫీసు కుర్చీలకు అతుక్కుపోయేవాళ్ళ మెడలూ, బరువులు ఎత్తేవాళ్ళ నడుములూ నా చేతుల మీదుగా వెళుతుంటాయి. ఆ క్లినిక్ ద్వారానే ఒక కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు సాయంత్రాలు వెళ్ళే డ్యూటీ వచ్చింది. కాళ్ళకు టేపు చుట్టడం, బెణుకులకు ఐసు పెట్టడం, మ్యాచ్ ఉన్నప్పుడు బెంచీ చివర మందుల సంచితో కూర్చోవడం. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే నాకు టీవీలో కనిపించే పచ్చటి మైదానం మాత్రమే.

ఆ జట్టు కోచ్ ట్యునీషియా ఆవిడ. ఒకప్పుడు వాళ్ళ దేశంలో పెద్ద స్థాయిలోనే ఆడిందట. సన్నగా, ఎండిన చెరకు గడలా ఉండేది. మెడలో విజిల్ వేలాడుతుండేది కానీ ఊదడం నేను పెద్దగా చూడలేదు. చేతులు ఒకసారి చరిచేది. అంతే, మైదానంలో ఎక్కడున్న అమ్మాయి అక్కడే ఆగిపోయేది.

మొదటి వారంలోనే ఆవిడ ఎలాంటి మనిషో తెలిసింది. ముషైరిబ్‌లో మెట్రో మారేటప్పుడు రైలు తప్పిపోయిందని ఒక అమ్మాయి ఆలస్యంగా వచ్చింది. కోచ్ ఆమెను తిట్టలేదు. గేటు దగ్గరే నిలబడమని చెయ్యి చూపించింది. ప్రాక్టీసు అయ్యేదాకా ఆ అమ్మాయి బూట్లు వేసుకుని, జుట్టు ముడి వేసుకుని, గేటు దగ్గరే నిలబడి చూసింది. వెళ్ళేటప్పుడు కోచ్ ఆమె పక్కనుంచే నడుస్తూ, "రేపు ముందు రైలు ఎక్కు" అంది. ఆ మాటలో కోపం లేదు. అదే ఇంకా భయం పుట్టించింది.

నాకూ భయం పట్టుకుంది. ముప్పై దాటినదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, ఆవిడ నా వైపు నడిచి వస్తుంటే చుట్టిన టేపును మళ్ళీ ఒకసారి తడిమి చూసుకునేదాన్ని. చిన్నప్పుడు మా గోదావరి పక్క ఊళ్ళో చర్చి క్వయర్ నేర్పిన మా మేనమామ కూడా అలాగే ఉండేవాడు. శ్రుతి తప్పితే పాట ఆపి, తప్పినవాళ్ళ వైపు చూసేవాడు కాదు, కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఆ నిశ్శబ్దంలో నా చెవులు కాలిపోయేవి. కానీ క్రిస్మస్ రోజున మా పాట వినడానికి పక్క ఊళ్ళ వాళ్ళు వచ్చేవారు. అందుకే ఆవిణ్ణి చూసి భయపడ్డా, కొట్టిపారేయలేకపోయాను. పైగా జట్టు గెలుస్తోంది. అంతకుముందు ఏడాది అడుగున ఉన్న జట్టట అది.

ఆవిడకు అసిస్టెంటుగా ఒక మలయాళీ అమ్మాయి ఉండేది. వయసు నాకంటే తక్కువ. కోచ్ ఎవరినైనా పక్కన నిలబెడితే ఈమె నీళ్ళ సీసా తీసుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళేది. పుట్టినరోజులన్నీ గుర్తుంచుకునేది. పరీక్షలో తప్పినవాళ్ళూ, ఇంట్లో గొడవ పడి వచ్చినవాళ్ళూ ముందు ఈమె భుజం మీదే ఏడ్చేవారు. అమ్మాయిలు కోచ్‌ని 'కోచ్' అనేవారు, ఈమెను 'చేచీ' అనేవారు, మలయాళంలో అక్క అని. సూడాన్ అమ్మాయి, ఫిలిప్పీన్స్ అమ్మాయి కూడా చేచీ అనే పిలిచేవారు, అది ఆమె పేరనుకుని.

జట్టులో ఒక తెలుగమ్మాయి ఉందని నాకు కొన్నాళ్ళదాకా తెలియదు. మిడ్‌ఫీల్డులో ఆడేది. అందరితోనూ ఇంగ్లీషే. ఒకరోజు పిక్క పట్టేసిందని బల్ల మీద పడుకోబెట్టి నొక్కుతుంటే "అయ్యో అవ్వా" అంది. నా చేతులు ఆగిపోయాయి. జగిత్యాల వైపు వాళ్ళట. తండ్రి ఇక్కడ ఒక కంపెనీలో సూపర్‌వైజరు. అమ్మాయి పెరిగిందంతా దోహాలోనే, కానీ ఇంట్లో మాట మాత్రం ఊరి మాటే. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే ఊళ్ళోని నాయనమ్మ ఫోనులో, "దుబాయ్‌ల ఆడివిల్లలు బంతి తన్నుడేందే" అని ఇప్పటికీ అడుగుతుందని నవ్వుతూ చెప్పింది. ఆ రోజు నుంచి నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. మైదానంలో మా ఇద్దరికే అర్థమయ్యే భాష ఒకటి దొరికింది.

ఆ భాషే నన్ను ఇరుకున పెట్టింది.

డిసెంబరులో ఒక సాయంత్రం ఆమె నడక నాకు నచ్చలేదు. కుడి కాలు నేల మీద ఆనించేటప్పుడు రవ్వంత తొందరపడుతోంది. బల్ల దగ్గరికి పిలిచి మోకాలి కింద ఎముక వెంబడి వేలితో నొక్కుకుంటూ వచ్చాను. ఒకచోట పళ్ళు కరుచుకుంది. ఒంటికాలి మీద గెంతమన్నాను. ఒక్కసారి గెంతి బల్ల పట్టుకుంది. ఎప్పటినుంచి అని అడిగితే చాలా రోజులైందంది. మాత్రలు వేసుకుని ఆడుతోందట.

చుట్టూ అమ్మాయిలు సాక్సులు వేసుకుంటున్నారు. కోచ్ పది అడుగుల దూరంలో నిలబడి ఉంది. అమ్మాయి ముఖం మార్చకుండా, ఏదో మామూలు కబురు చెబుతున్నట్టు తెలుగులో అంది.

"నీకు దండం పెడ్త అక్కా, గామెకు చెప్పకు. చెప్తే నన్ను బయట కూసోబెడ్తది. మల్ల తీసుకోదు."

"చెప్పకపోతే రేపొద్దున నువ్వు నడవలేవు. అప్పుడేం చేస్తావే?"

"ఈ ఒక్క మ్యాచ్ ఆడనియ్యి. తర్వాత నేనే చెప్త."

కోచ్ మా వైపు చూసింది. ఆవిడకు భాష రాదు కానీ ముఖాలు చదవడం వచ్చు. అంతా బాగానే ఉందా అని చేత్తో అడిగింది. అమ్మాయి బొటనవేలు ఎత్తి చూపించింది. నన్ను నమ్మి చెప్పిన పిల్ల ఒకవైపు, ఆ ఎముక ఒకవైపు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. మెల్లగా విడిపించుకుని కోచ్ దగ్గరికి నడిచాను. ఎముకలో పగులు ఉండొచ్చని, స్కాను తీసేదాకా ఆడకూడదని చెప్పాను.

కోచ్ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, ఆమె నంబరు చొక్కా ఇమ్మని చెయ్యి చాచింది. అందరి ముందూ. చొక్కా మడిచి సంచిలో పెట్టి, "ఖలాస్. ఇంటికి వెళ్ళు" అంది. అమ్మాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ప్రాక్టీసు అయ్యాక కోచ్ నా దగ్గరికి వచ్చింది. నేను సంచి సర్దుకుంటున్నాను.

"ఎన్నాళ్ళుగా దాచింది?" అని అడిగింది.

చెప్పాను.

"ఆ పిల్ల నాకెందుకు చెప్పలేదు?"

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆవిడ కదలకుండా నిలబడి ఉంది. "మీరంటే భయం కాబట్టి" అన్నాను.

ఆవిడ ఖాళీ మైదానం వైపు తిరిగింది. తర్వాత మెల్లగా, ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటూ, తాను కూడా ఆ వయసులో మోకాలు దాచుకుని ఆడిందని, అందుకే ఆట తొందరగా ముగిసిందని చెప్పింది. మరి ఈ పిల్లలకు ఆ సంగతి ఎందుకు చెప్పరని అడిగాను. "చెబితే జాలిపడతారు. జాలిపడినవాళ్ళు నా మాట వినరు" అంది.

స్కానులో పగులు తేలింది. రెండు నెలలకు దగ్గరగా కాలికి విశ్రాంతి. కోచ్ ప్రతి ప్రాక్టీసుకూ ఆ అమ్మాయిని రమ్మంది. బెంచీ మీద కూర్చుని ఆట చూడాలి, అయ్యాక ఎవరు ఎక్కడ తప్పు చేశారో తనకు చెప్పాలి. నా దృష్టిలో అది ఆమెను జట్టులోనే ఉంచుకునే పద్ధతి. మిగతా అమ్మాయిల దృష్టిలో మాత్రం అది శిక్ష. కాలు విరిగిన పిల్లను రోజూ పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టి అవమానిస్తోందనుకున్నారు. చొక్కా లాక్కున్న సంగతి నోటి నుంచి నోటికి పెరిగింది. సంక్రాంతి సెలవుల ఊసు లేని ఆ దేశంలో జనవరి చలి మొదలయ్యేసరికి జట్టు రెండుగా చీలింది. కోచ్ వస్తుంటే మాటలు ఆగిపోయేవి. బంతి అందించుకునేటప్పుడు కూడా ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకునేవారు కాదు. ఒక అమ్మాయి మధ్యలో బూట్లు విప్పేసి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకో ఇద్దరు.

చివరికి కొందరు కలిసి కాలేజీ స్పోర్ట్స్ విభాగం చూసే ఖతరీ మేడమ్ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ అందరినీ విడివిడిగా పిలిచి మాట్లాడింది. నన్నూ పిలిచింది. కోచ్ ఆ అమ్మాయిని శిక్షించలేదని, ఆట మాన్పించమన్నది నేనేనని చెప్పాను. పిల్లలు గాయాలు దాచుకునేంత భయపడుతున్నారన్నదీ నిజమేనని చెప్పాను. రెండూ చెప్పాక, రెండో మాటే నిలుస్తుందని నాకు అర్థమైంది. తెలుగమ్మాయిని ఏమడిగారో, ఏం చెప్పిందో నాకు తెలియదు. అప్పటికి ఆమె నాతో మాట్లాడటం మానేసింది.

మేడమ్ తప్పుకోమనడంతో సీజను సగంలో ఉండగానే కోచ్ వెళ్ళిపోయింది. ఆఖరి రోజు అమ్మాయిలందరితో కరచాలనం చేసింది. కొందరు చెయ్యి ఇవ్వడానికి కూడా తడబడ్డారు. తెలుగమ్మాయి దగ్గర ఆగి, ఆమె కాలు వైపు చూసి, "తొందరపడకు" అంది. అంతే.

చేచీ కోచ్ అయింది.

మర్నాటి నుంచే మైదానం మారిపోయింది. ప్రాక్టీసుకు ముందు పాటలు. ఎవరి ఇంటి నుంచో తినుబండారాల డబ్బాలు, డబ్బాలతో పాటు ఆమె తెచ్చే అరటికాయ చిప్సు. మానేసిన ముగ్గురూ తిరిగి వచ్చారు. గేటు దగ్గర నిలబడ్డ ఆ మొదటి అమ్మాయి, ఎప్పుడూ తల వంచుకుని ఆడేది, ఇప్పుడు బంతి కావాలని గట్టిగా అరవడం మొదలుపెట్టింది. ఎవరికి ఏ చిన్న నొప్పి వచ్చినా పరుగెత్తుకుని నా దగ్గరికి వచ్చేవారు. నా పని తేలికైంది. తెలుగమ్మాయి కూడా మెల్లగా నాతో మాటలు కలిపింది. ఒక వారం, ఇక్కడ సెలవు రోజైన శుక్రవారమే జరిగే చర్చి ఆరాధన అయ్యాక భోజనానికి పిలిస్తే వచ్చింది. చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుంది. ఆ విషయం మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే, కోచ్ అంటే ఇలా ఉండాలని చేచీని చూపించేదాన్ని.

కానీ ఆలస్యాలు పెరిగాయి. ట్రాఫిక్ అనేవారు, ల్యాబు అనేవారు, చేచీ "పర్లేదు, పర్లేదు" అనేది. ఎవరినైనా మ్యాచ్‌లో బయట కూర్చోబెట్టాల్సి వస్తే, ముందు రోజు సాయంత్రం నాకు ఫోను చేసి, ఫలానా అమ్మాయికి ఎలా చెప్పాలి, ఏడుస్తుందేమో అని అడిగేది. చివరికి ఎవరికీ చెప్పకుండా, మ్యాచ్‌లో అందరికీ తలా కాసేపు ఇచ్చేసేది. కొన్ని గెలిచారు, కొన్ని ఓడారు. ఎలాగో సెమీఫైనల్‌కు చేరారు.

మార్చిలో జరిగిందది. సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. కాలు నయమైన తెలుగమ్మాయి ఆ రోజు మొదటి నుంచీ ఆడుతోంది. రెండో సగం చివరికొచ్చేసరికి చెరో గోలుతో సమానంగా ఉన్నారు. మధ్యలో గాల్లోకి లేచిన బంతి కోసం ఈమె, అవతలి జట్టు అమ్మాయి ఒకేసారి ఎగిరారు. రెండు తలలు తగిలిన చప్పుడు బెంచీ దాకా వినిపించింది.

రిఫరీ ఆట ఆపింది. నేను సంచి తీసుకుని పరుగెత్తాను. అవతలి అమ్మాయి నుదురు పట్టుకుని లేచి కూర్చుంది. ఈమె వెల్లకిలా పడి ఉంది. నేను మోకాళ్ళ మీద కూర్చునేసరికి కళ్ళు తెరిచింది. మెడ చూశాను, చేతులు కదిలించమన్నాను. కదిలించింది. లేచి నిలబడింది కూడా. చేచీ మైదానంలోకి వచ్చి వంగి, బాగున్నావా అని అడిగింది. "ఓకే. ఫైన్" అంది గట్టిగా. చేచీ ముఖంలోకి ప్రాణం వచ్చింది.

తర్వాత ఆమె నా వైపు తిరిగి, తెలుగులో నెమ్మదిగా అడిగింది.

"అక్కా, హాఫ్ టైమ్ అయిందా?"

మన గోలు ఎవరు కొట్టారని అడిగాను. కొట్టింది ఆమే. కళ్ళు చిట్లించి ఆలోచించింది. "మనం కొట్టినమా?" అంది. అని, నా ముఖంలో ఏం చూసిందో, వెంటనే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "గామెకు చెప్పకక్కా."

గామె అంటే పాత కోచా, చేచీయా, ఎవరని ఆమె అనుకుంటోందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను లేచి, తలకు దెబ్బ లోపలిదాకా తగిలింది, ఈమెను మార్చాలని చేచీతో చెప్పాను. చేచీ ఆ అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి రెండు చేతులూ జోడించింది. ఫైన్, ఫైన్ అని తల ఊపుతోంది. బెంచీ మీద నుంచి మిగతావాళ్ళు ఆమె పేరు పెట్టి అరుస్తున్నారు.

"రెండు నిమిషాలు చూద్దామా?" అంది చేచీ. "నిలబడే ఉంది కదా. ఇంత కష్టపడి తిరిగొచ్చింది. ఇప్పుడు తీసేస్తే తట్టుకోలేదు."

"హాఫ్ టైమ్ అయిందా అని అడిగింది నన్ను. తను కొట్టిన గోలు తనకే గుర్తులేదు."

"ఇంకొక్కసారి అడిగి చూడు."

రిఫరీ గడియారం చూసుకుంది. ఏదో ఒకటి తేల్చమంది. చేచీ నా వైపూ, అమ్మాయి వైపూ మార్చి మార్చి చూసింది. మళ్ళీ ఇంకో తల దెబ్బ తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు. కాలేజీలో చదువుకున్నదంతా ఒక్కసారి కళ్ళ ముందు తిరిగింది. అక్కడ ఇంకెవరూ నిర్ణయించడం లేదు. రిఫరీ వైపు తిరిగి, ఈ అమ్మాయి ఆడటానికి వీల్లేదు, వైద్యం తరఫున నేను చెబుతున్నాను అన్నాను. రిఫరీ బయటికి వెళ్ళమని చెయ్యి చూపించింది. అమ్మాయి నా చెయ్యి విదిలించుకుంది. రెండోసారి పట్టుకుని గీత దాటించాను.

ఆమె బదులు దిగిన అమ్మాయి ఒళ్ళు వేడెక్కకముందే అవతలివాళ్ళు గోలు కొట్టారు. ఆట అయిపోయింది. ఓడిపోయారు. బెంచీ మీద అందరూ ఏడుస్తుంటే చేచీ ఒక్కొక్కరినీ దగ్గరికి తీసుకుంటోంది. తెలుగమ్మాయి నా పక్కన కూర్చుని, నా ముఖం కూడా చూడకుండా, "నువ్వే ఓడగొట్టినవ్" అంది. ఆ తర్వాత కొంచెంసేపటికి ముందుకు వంగి వాంతి చేసుకుంది. అప్పుడు ఏడుపులు ఆగిపోయాయి.

అంబులెన్సులో నేనూ వెళ్ళాను. తలకు తీసిన స్కానులో రక్తస్రావం లేదని డాక్టరు చెప్పేదాకా ఆమె తల్లి నా భుజం పట్టుకునే నిలబడింది. కొన్ని వారాలు పూర్తి విశ్రాంతి, తర్వాత మెల్లగా అన్నీ మొదలుపెట్టొచ్చు అన్నారు. తల్లి కుర్చీలో కూలబడి, "మా బిడ్డను నువ్వే గుంజుకొచ్చినవంట కదమ్మా" అంది.

చేచీ బయట వరండాలో గోడకు ఆనుకుని ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. తనకు ఆ అమ్మాయి ఒంటి మీద దెబ్బ కనిపించలేదని, ముఖంలో ఆశ మాత్రమే కనిపించిందని చెప్పింది. "పిల్లలకు నేను నచ్చకుండా పోతానేమోనని భయం. మొదటి నుంచీ అదే నా భయం" అంది. నువ్వు మంచిదానివి కాబట్టే పిల్లలు తిరిగొచ్చారు కదా అన్నాను. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు, నిజమే. కానీ ఆమె తల అడ్డంగా ఊపింది.

రెండు రోజుల తర్వాత క్లినిక్‌లో ఉండగా పాత కోచ్ ఫోను చేసింది. ఎవరో చెప్పారట. పలకరింపులేమీ లేవు. ఎవరు బయటికి తీశారని అడిగింది. నేనేనన్నాను.

"నేనుంటే అడిగేదాన్ని కాదు. చెయ్యి పట్టుకుని లాగేసేదాన్ని" అంది. ఆ తర్వాత, నేను అనుకోని మాట ఒకటి అంది. "కానీ నేనుంటే, హాఫ్ టైమ్ అయిందా అని ఆ పిల్ల నోరు తెరిచి అడిగేది కాదేమో. తప్పు దొరుకుతుందని నోరు మూసుకునేది."

ఫోను పెట్టేశాక చాలాసేపు తర్వాతి పేషెంటును పిలవలేకపోయాను.

సీజను ముగిశాక ఖతరీ మేడమ్ మళ్ళీ పిలిచింది. ఈసారి చేచీని కొనసాగించాలా, గట్టి మనిషిని ఇంకొకరిని తేవాలా అన్నది ఆలోచన. ఇద్దరితోనూ పని చేశావు కదా, ఏ రకం మనిషి మంచి కోచ్ అవుతుందని నేరుగా అడిగింది. నేను ముందుగా ఏమీ అనుకుని వెళ్ళలేదు. గట్టి మనిషికి కాదనడం వచ్చు, పిల్లలు నిజం చెప్పరు; మంచి మనిషికి పిల్లలు నిజం చెబుతారు, ఆమెకు కాదనడం రాదు అన్నాను. ఆ రెండింట్లో నేర్చుకోగలిగేది ఏదని మేడమ్ అడిగింది. ఎంతో ఆలోచించి, కాదనడమే అన్నాను. నమ్మకం నేర్పితే వచ్చేది కాదనిపించింది. ఈ మాట సరైనదో కాదో నాకు ఈరోజుకీ పూర్తి నమ్మకం లేదు. మా మేనమామ దగ్గర నేర్చుకున్న పాటలు ఇప్పటికీ శ్రుతి తప్పకుండా పాడతాను మరి.

చేచీ కొనసాగింది. తలకు దెబ్బ తగిలితే కోచ్‌ని అడిగే పనే లేదు, ఫిజియో మాటే ఆఖరు అన్న పద్ధతి ఆమే పెట్టించింది. ఆ వేసవిలో పాత కోచ్‌ని కలవడానికి ఒంటరిగా వెళ్ళిందని విన్నాను. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

సెప్టెంబరులో, కొత్త సీజను మొదటి మ్యాచ్‌కి ముందు, తెలుగమ్మాయి పూర్తిగా కోలుకుని ఉరుకులు పెడుతూ వచ్చింది. అయితే ఆ వారంలో రెండు ప్రాక్టీసులకు రాలేదు. బంధువుల పెళ్ళంది. చేచీ ఆమెను పక్కకు పిలిచింది. నేను టేపు చుడుతూ చూస్తున్నాను. ఈ రోజు నువ్వు మొదట్లో ఆడటం లేదు అంది చేచీ. అమ్మాయి కళ్ళు నిండిపోయాయి. ఏదో చెప్పబోయింది. చేచీ చేతులు వెనక్కి కట్టుకుంది. ఆ వేళ్ళు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో వెనక నిలబడ్డ నాకు కనిపిస్తోంది. కానీ ఆమె మాట మార్చలేదు, ముఖమూ తిప్పుకోలేదు.

అమ్మాయి వచ్చి నా పక్కన ధడాలున కూర్చుంది. కాసేపు బూటు లేసులు లాగుతూ విప్పుతూ ఉంది.

"ఇంతకుముందు గిట్ల ఉండకపోతుండె అక్కా ఈమె" అంది.

"కోపమొచ్చిందా?"

"వచ్చింది." కొంచెం ఆగి, "ప్రాక్టీసుకు రాకపోతిని. నిజమే గదా" అంది.

ఆట మొదలైంది. ఆమె మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, ఎవరు ఎక్కడ ఖాళీ వదిలేస్తున్నారో నాకు తెలుగులో చెబుతూ కూర్చుంది.